కురిడీల అటక మీద మనుషులం

మాది గోదావరి లంక. పి.గన్నవరానికి ఎదురుగా వశిష్ఠ పాయలో ఉన్న లంకల్లో ఒకటి. ఎండాకాలంలో ఏటికి అడ్డంగా మట్టిబాట వేస్తారు, ఆటోలు దాని మీదే వస్తాయి. తొలి వరదకే ఆ బాట కొట్టుకుపోతుంది. ఆ తర్వాత నెలల తరబడి మాకు రేవూ, పడవే. కొబ్బరి, అరటి, కంద మా పంటలు. మా ఆయన వ్యవసాయం చూసుకుంటారు, నేను అంగన్‌వాడీ టీచర్ని.

ఇల్లు మా మావగారి నాన్నగారు కట్టించింది. రెండు వాలుల బంగాళాపెంకుటిల్లు. ఎత్తు అరుగులు, మధ్యలో పెద్ద గది, అటూ ఇటూ చిన్న గదులు, వెనక వంటిల్లు. గోడలు ఇటుకవే గానీ ఇటుకకీ ఇటుకకీ మధ్య పెట్టింది అడుసు. పైన సున్నం పూత. ఆ ఇల్లు 1953 వరదకి నిలబడింది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు వంటింటి గోడ కూలింది, మిగతా ఇల్లు నిలబడింది. ఇవన్నీ మా అత్తగారు చెప్పగా విన్నవి. 2006లో 28 లక్షల పైచిలుకు వచ్చినప్పుడు మాత్రం ఆ ఇంట్లో నేనూ ఉన్నాను.

ఇన్ని వరదలు చూసి కూడా డాబా కట్టుకోలేదేం అని బయటివాళ్లు అడుగుతుంటారు. మా లంకని గోదారి ఏటేటా కోసేస్తోంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఇంటికీ ఒడ్డుకీ మధ్య వేరేవాళ్ల కొబ్బరితోటలు ఉండేవి. ఇప్పుడవి ఏట్లో ఉన్నాయి. పెంకుటిల్లయితే పెంకు దింపి, కర్ర విప్పి, పడవకెత్తి ఇంకోచోట నిలబెట్టుకోవచ్చు. శ్లాబుని ఎవరు మోసుకెళ్తారు? లక్షలు పోసి కట్టిన ఇల్లు ఏట్లో కలిసిపోతే అప్పు మాత్రం ఒడ్డున మిగిలిపోతుంది. అందుకే మా వైపు చాలామంది ఉన్న ఇంటికే మరమ్మతులు చేసుకుంటూ నెట్టుకొస్తారు.

పెద్ద గది మీద అటక ఉండేది. తాటి దూలాలు, వాటి మీద పలకలు. పలకల మధ్య వేలు దూరేంత సందులు. ఆ సందులు కావాలని వదిలినవే, ఎందుకంటే ఆ అటక కురిడీల కోసం కట్టింది. ముదిరిన కొబ్బరికాయల్ని పీచుతోనే అటక మీద పోస్తే, పెంకు కింది వేడికీ, కింది నుంచి వచ్చే గాలికీ నెలల తరబడి నెమ్మదిగా ఎండుతాయి. లోపలి నీరు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి గుండులా ఊడుతుంది. కాయని చెవి దగ్గర ఊపితే లోపల కదులుతున్న చప్పుడు వినిపిస్తుంది. అప్పుడది కురిడీ. అంబాజీపేట మార్కెట్లో గండేరా, గటగట అని రకాలు కట్టి కొంటారు, అక్కడి నుంచి ఉత్తరాదికి పోతుంది. పచ్చికాయ ధర పడిపోయిన ఏడు మా ఇంటిని ఆదుకునేది ఆ అటక మీది కాయలే.

2006లో మేం ఆ కాయల మీదే తలదాచుకున్నాం. నీళ్లు అరుగులెక్కి గదుల్లోకి వచ్చాయి. మా ఆయన నిచ్చెన వేసి పిల్లల్ని ముందు ఎక్కించారు, తర్వాత నేను. అత్తయ్య కొంగు బొడ్లో దోపుకుని అందరికంటే వేగంగా ఎక్కేశారు. కాయల మీద గోనెసంచులు పరుచుకుని కూర్చున్నాం. నడుం వాల్చే వీలు లేదు, కాళ్లు చాపుకునే వీలు లేదు. అయినా బతికి బయటపడ్డాం. అప్పటి నుంచే ఈ అటకని మనుషులుండే చోటుగా చేసుకోవాలని నాకు మనసులో ఉండేది. మా ఆయన వినిపించుకునేవారు కారు. ఆయనకది పంట దాచుకునే చోటు.

2020 ఆగస్టు వరద ఆయన మనసు మార్చింది. అప్పటికి అత్తయ్యకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. మూడో హెచ్చరికంటే 17 లక్షల క్యూసెక్కులు. ఆవిడని నులకమంచం మీదే పడవకెక్కించి, ఏటిగట్టు దాటించి, బడిలో పెట్టిన శిబిరానికి తీసుకెళ్లాం. అక్కడ అన్నం పెట్టారు, మందులిచ్చారు, ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. కానీ ఆడామగా అంతమంది మధ్య, కదల్లేని మనిషికి బట్టలు మార్చాలంటే చీర అడ్డం పట్టుకునేవాళ్లు కావాలి. మరుగుదొడ్డి దగ్గర వరుస. తడి నేల. వీపు మీద పుండ్లు లేచాయి. ఇంటికి వచ్చాక ఆవిడ సరిగా తిరగని నాలుకతో నాతో అన్న మాట ఒకటే. "ఇంకోసారి నన్ను మోసుకెళ్లకండమ్మాయ్. పోతే ఇంట్లోనే పోతాను."

ఆ సంక్రాంతికి అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు అందరం కూర్చుని ఖాయం చేసుకున్నాం. డ్వాక్రా సంఘంలో నా పేరు మీద అప్పు, కురిడీలు అమ్మిన డబ్బు, అబ్బాయి పంపేది కలిపి రెండున్నర లక్షల్లో అయిపోవాలి. అప్పటికి నా జీతం నెలకి 11,500 రూపాయలు. అంతకు మించి ఎక్కడి నుంచి తెస్తాం?

వడ్రంగి మేస్త్రీ పక్క లంక మనిషి. పెద్దవాడు, నిదానస్తుడు. వచ్చీ రాగానే సుత్తి తీసుకుని దూలాలన్నీ తట్టుకుంటూ పోయాడు. మధ్యలో గట్టి చప్పుడు వచ్చింది. గోడ దగ్గరికి వచ్చేసరికి చప్పుడు మారింది. ఉలి పెట్టి పొడిస్తే గోడలోకి దూరిన కొసల్లో బెత్తెడు మేర పొడిలా రాలింది. ఏటా తడిసే గోడలో కొసలు చివికిపోయాయి, మిగిలిందాన్ని చెదలు తినేశాయి.

"నాలుగు వేల కాయలు మోసిన అటక నలుగురు మనుషుల్ని మోయదా?" అన్నారు మా ఆయన.

"కాయలు మోసేటప్పుడు గోడ పొడిగా ఉంటుందండి. మీరు ఎక్కేది గోడ నానిపోయాక" అన్నాడు మేస్త్రీ. "పైగా కాయ పోసినచోటే పడుంటుంది. మనిషి నడుస్తాడు, దభాలున కూర్చుంటాడు, అందరూ ఒకే మూలకి చేరి కిటికీలోంచి చూస్తారు. ఈ బరువు గోడ మీద పెట్టకండి. గోడతో పనే పెట్టుకోకండి."

ఆ ముసలాయన ఆరోజు చెప్పిన మాటే తర్వాత మమ్మల్ని కాపాడింది. ఆయన లెక్క ప్రకారం గోడకి ఆనుకుని లోపలి వైపు ఎనిమిది ఇనుప స్తంభాలు నిలబెట్టాలి. వాటి మీద ఇనుప దూలాలు వేసి, అటక నేలని వాటి మీదే పరచాలి. స్తంభాలు అటక దగ్గర ఆగకూడదు. పైదాకా లాగి, వాసాలు ఆనే చూరు దూలాన్ని కూడా వాటికే బిగించాలి. రేపు గోడ పోయినా పైకప్పూ అటకా నిలబడాలని ఆయన ఉద్దేశం. అన్నీ బోల్టులతో బిగించమన్నాడు. లంకలో వెల్డింగ్ మిషన్‌కి సరిపడా కరెంటు రాదు. రెండో కారణం ఆయన చెప్పకపోయినా మాకు తెలుసు. ఏరు ఇంకా దగ్గరికొస్తే విప్పుకుని పోవచ్చు.

2021 వేసవిలో పని మొదలుపెట్టాం. అది కరోనా రెండో విడత. మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. మా లంకలో పోలీసులెవరూ లేరు గానీ సామాన్లన్నీ ఏటి అవతలి నుంచి రావాలి. తెల్లారకముందే బయల్దేరి, దుకాణం తెరిచేసరికి అక్కడ ఉండి, మూసేలోపు సరుకు బండికెక్కించి రేవుకి చేర్చాలి. ఇనుము కొన్న దుకాణంవాళ్లు పూర్తి డబ్బు ముందే తీసుకుని, కొలత ప్రకారం రంధ్రాలు వేసి ఇస్తామని వారాల తరబడి తిప్పించారు. ఇచ్చినవాటిలో రెండింటికి రంధ్రాలు కలవలేదు. ఈలోగా మేస్త్రీ ఇంట్లో అందరికీ జ్వరాలు. ఆయన కోలుకున్నాడు, ఆయన తమ్ముడు కోలుకోలేదు. దినాలయ్యాక ఆయనే వచ్చి ఉలి పట్టుకున్నాడు. మేం రమ్మని కబురు చెయ్యలేదు. "వరద ఆగదు కదమ్మా" అన్నాడు, అంతే.

పునాది పని ఇంకో తిప్పలు. లంక నేలంతా ఒండ్రు. పైన గట్టిగా ఉన్నట్టే ఉంటుంది, తవ్వితే మెత్తగా దిగిపోతుంది. గోడ పక్కనే తవ్వాలి, గోడ కిందికి తవ్వకూడదు. ఒక గుంట తవ్వి, కంకర పోసి, కాంక్రీటు దిమ్మ పోసి, అది గట్టిపడ్డాకే దాని ఎదుటి గుంట తవ్వేవాళ్లు. అన్నీ ఒకేసారి తవ్వితే గోడ కుంగుతుందని మేస్త్రీ భయం. అత్తయ్య మంచం రోజుకో గదికి మారేది. ఆ దుమ్ములో, ఆ చప్పుడులో ఆవిడ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. పనివాళ్లకి మజ్జిగ ఇచ్చారా అని మాత్రం రోజూ అడిగేవారు.

స్తంభాలు నిలబడ్డాక పెంకు దింపారు. వాసాల మీది రీపర్లు సగానికి పైగా పుచ్చిపోయాయి, వాటిని మార్చకుండా మళ్లీ పెంకు ఎక్కించలేం. ఇల్లు నెత్తిన ఆకాశం పెట్టుకుని ఉన్న ఆ వారంలోనే ఈదురుగాలితో వాన పడింది. ధాన్యం ఆరబోసుకునే బరకాలు ఊళ్లో ఎన్ని దొరికితే అన్నీ తెచ్చి కప్పాం. గాలికి ఒకటి లేచిపోయింది. మా ఆయన వాసం మీద పడుకుని రెండో బరకం కొస పట్టుకుని వాన వెలిసేదాకా అలాగే ఉండిపోయారు. కింద నేనూ, ఎదురింటి వదినగారూ అత్తయ్య మంచం మీద ప్లాస్టిక్ గుడ్డ పట్టుకుని నిలబడ్డాం. సున్నం గోడ మీద నీళ్లు కారిన చారలు ఇప్పటికీ ఉన్నాయి.

అటక మధ్యలో ఎత్తు ఏడడుగులు. చూరు వైపు పోతే రెండడుగులే. అంటే నిలబడగలిగేది మధ్యనున్న సన్నటి దారిలోనే. ఆ దారిలో కూడా ఎదురెదురు వాసాల్ని కలిపి పట్టే అడ్డకర్రలు సరిగ్గా నుదుటికి తగిలేవి. వాటిని కోసేస్తే హాయిగా తిరగొచ్చు కదా అన్నాను. మేస్త్రీ ఒప్పుకోలేదు. పెంకు బరువుకి వాసాల కాళ్లు బయటికి జారాలని చూస్తాయట, ఆ జారుడుని ఆపి పట్టుకునేది ఆ అడ్డకర్రేనట. తీసేస్తే చూరు రెండు వైపులా బయటికి నెట్టుకుంటుంది. అందుకని వాటిని అలాగే ఉంచి, పాత బొంత ముక్కలు చుట్టి కట్టాం. అయినా మా ఇంట్లో నుదురు వాయనివాళ్లు లేరు.

ఇంటి రెండు చివరలా ముక్కోణంగా లేచిన గోడల్ని దింపేశాం. బరువు తగ్గింది, గాలికి దారి దొరికింది. వాటి చోట చెక్క చట్రాలు పెట్టి వెదురు జాలీ అల్లించాం, వానకి మూసుకోవడానికి తలుపులు పెట్టాం. నేలకి పాత పలకల్లో మంచివి ఏరి, తక్కువ పడ్డచోట మద్ది చెక్క వేశాం. సందులు మూసేశాం. ఇక అంతా అయిపోయిందనుకున్నాం.

అసలు కష్టం అప్పుడు తెలిసింది. బాగా ఎండ కాసిన ఒక మధ్యాహ్నం పైకెక్కి కాసేపు కూర్చుంటే కళ్లు తిరిగాయి. పెంకు మీది వేడి నేరుగా నెత్తి మీదికి దిగుతోంది. కొబ్బరికాయలో నీరు ఇంకిపోయేది ఈ వేడికేగా. కాయ ఎండాలని మూడు తరాలు వాడుకున్న చోట, మంచం పట్టిన మనిషిని ఎలా పడుకోబెడతాం? వరద రోజుల్లో కరెంటు ఉండదు. అంటే ఫ్యానుతో తీరే కష్టం కాదు.

దానికి విరుగుడు ఒక్కసారిగా దొరకలేదు. వెలుతురు కోసం పెట్టిన అద్దం పెంకుల్లో సగం తీసేశాం, అవి ఎండని సూటిగా మంచం మీదికి దింపుతున్నాయి. పెంకు మీద సున్నం కొట్టించాం, కొంత తగ్గింది. బాగా పనికొచ్చింది వెదురు తడిక. పెంకుకి జానెడు కింద, వాసాల అడుగున తడికలు కట్టి లోపలి వైపు మట్టీ పేడా మెత్తించాం. చూరు దగ్గరా, కొప్పు దగ్గరా మాత్రం మూయకుండా వదిలాం. పెంకుకీ తడికకీ మధ్య వేడెక్కిన గాలి పైకి లేచి కొప్పు సందుల్లోంచి పోతుంది, దాని చోటికి చూరు నుంచి కొత్త గాలి వస్తుంది. ఆ తర్వాత అటక చల్లబడిందని చెప్పను. మధ్యాహ్నం కూడా మనిషి ఉండగలిగేలా అయ్యింది.

ఇక మెట్లు. పాత నిచ్చెన ఇంటి లోపలుండేది. మెట్లు లోపల పెడితే వరదలో అడుగు మెట్లు మునుగుతాయి, బయటికి వెళ్లాలంటే నీళ్లల్లోకి దిగాలి. అందుకని తూర్పు వైపు బయట ఇనుప మెట్లు పెట్టించాం. నీళ్లు వస్తే పడవ నేరుగా ఆ మెట్లకే కట్టుకోవచ్చు. మధ్యలో ఒక మలుపు దగ్గర మంచం పట్టేంత వెడల్పు వదలమన్నాను. దానికి ఇనుము ఎక్కువైంది, మా ఆయనతో గొడవైంది. ఆ వెడల్పే లేకపోతే అత్తయ్యని పైకి చేర్చేవాళ్లం కాదు.

ఎక్కించడం అలవాటు చేసుకోవాలి కదా. ప్లాస్టిక్ కుర్చీకి రెండు వెదురు బొంగులు కట్టాం. ముందు బియ్యం బస్తా పెట్టి మోసి చూశారు. తర్వాత నన్ను కూర్చోబెట్టారు. కుర్చీ వెనక్కి వాలినప్పుడు పట్టుకోవడానికి ఏమీ దొరక్క గుండె జారిపోయింది. అత్తయ్య భయం ఏపాటిదో నాకప్పుడు తెలిసొచ్చింది. కుర్చీకి నడుం దగ్గర ఒక పట్టీ, ఎడమచేత్తో పట్టుకోవడానికి ఒక తాడు కట్టాం. ఆవిడకి పనిచేసే చెయ్యి అదొక్కటే. మొదటిసారి పైకి చేరాక ఆవిడ చుట్టూ చూసి, "కాయలేవీ?" అన్నారు.

మరుగుదొడ్డి సంగతి సరిగ్గా తేలలేదు. పైన కట్టాలంటే గొట్టం కింది గుంటలోకే దిగాలి, వరదలో ఆ గుంటే మునుగుతుంది, మురికి ఎదురు తంతుంది. చివరికి రంధ్రం ఉన్న కుర్చీ, దాని కింద మూత బకెట్టు, పక్కన డబ్బాడు బూడిదా సున్నం. చుట్టూ తడిక. అంతకు మించి మా వల్ల కాలేదు. వంటకి అయిదు కిలోల చిన్న సిలిండరు తెచ్చి, తడికకి మంట తగలకుండా ఒక మూల రేకు కొట్టించాం.

2022లో వరద ఆషాఢంలోనే వచ్చింది. పెద్ద వరదంటే మాకు శ్రావణమాసం లెక్క. జూలై రెండో వారంలో భద్రాచలం నుంచి వార్తలు మొదలయ్యాయి. అక్కడ మూడో హెచ్చరిక 53 అడుగులకి ఇస్తారు. అది దాటింది, 60 దాటింది, 16వ తేదీకి 71.3 అడుగులకి చేరింది. అక్కడి నీరు మా దగ్గరికి రావడానికి ఒక రోజుకి అటూ ఇటూ పడుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ 175 గేట్లూ ఎత్తేశారు. 25 లక్షల 80 వేల క్యూసెక్కులదాకా పోయింది.

మా ఆయన ముందే గేదెల్ని ఏటిగట్టు మీదికి తోలి తిరిగొచ్చారు. అత్తయ్యని నీళ్లు అరుగు తాకకముందే పైకి చేర్చాం. మందులు, పటిక, తాగునీటి డబ్బాలు, బియ్యం, అటుకులు, బెల్లం, టార్చిలైట్లు ఎక్కించాం. మేం ముగ్గురమే ఉంటామనుకున్నాం. రాత్రికి ఎదురింటి వదినగారు కోడలినీ, నెలలబిడ్డనీ తీసుకుని వచ్చారు. తర్వాత ఇంకో ముసలి దంపతులు, వాళ్ల మనవలు. పది మంది దాకా అయ్యాం. ఎవరినీ వద్దనలేం. మా ఆయన మాత్రం అందరూ ఒకే వైపు చేరొద్దని, స్తంభాల పక్కనే పడుకోమని చెబుతూనే ఉన్నారు.

కింది గదిలో నీళ్లు కిటికీ సగానికి వచ్చి ఆగాయి. రాత్రుళ్లు కింద పెట్టె, పీట, బిందె గోడకి కొట్టుకునే చప్పుడు. తేళ్లు, జెర్రులు మెట్ల వెంట పైకి వచ్చేవి. ఒక పాము వాసం మీద చుట్టుకుని కనిపించింది. పిల్లలు చూస్తే కంగారు పడతారని మా ఆయన చప్పుడు చెయ్యకుండా కర్రతో తీసి నీళ్లల్లో వదిలారు. పడవ మీద వచ్చిన సహాయక సిబ్బంది బాలింతనీ, పిల్లల్నీ మెట్ల దగ్గరి నుంచే ఎక్కించుకుని వెళ్లారు. అత్తయ్యని కూడా రమ్మన్నారు. ఆవిడ ఎడమచెయ్యి అడ్డంగా ఊపారు.

వాన వెలిసి ఎండ కాసిన రోజు అందరికంటే ఆవిడ ఎక్కువ బాధపడ్డారు. చుట్టూ నీళ్లు, పైన ఎండ, కదలని గాలి. కరెంటు లేదు. తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ, తాటాకు విసనకర్రతో వంతులు వేసుకుని విసిరాం. ఆ బకెట్టు మార్చడం, దాన్ని కడగడానికి కూడా అదే వరదనీళ్లు వాడడం, ఆ వాసనలోనే అన్నం తినడం. ఆవిడకి జ్వరం వచ్చింది. ఇంట్లో ఉన్నాం కాబట్టి సుఖంగా ఉన్నాం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

నీళ్లు తీయడం మొదలయ్యాక గండం గడిచిందనుకున్నాం. మట్టి గోడలు కూలేది అప్పుడేనని పెద్దవాళ్లు అంటారు. నీళ్లు నిండా ఉన్నంతసేపు రెండు వైపులా ఒత్తిడి ఉంటుంది. బయట నీరు తగ్గాక, నానిన గోడ తన బరువు తానే మోయలేదు. తెల్లవారుజామున కింద ఏదో జారుతున్నట్టు చప్పుడైంది. టార్చి వేసి చూస్తే దక్షిణపు గోడ కడుపు ఉబ్బి ఉంది. అందరినీ లేపి ఉత్తరం వైపుకి జరిపాం. కాసేపటికి గోడ నడుం విరిగినట్టు లోపలికి కూలింది. కింద నీళ్లు ఎగసి పలకల అడుగున కొట్టాయి. నేల ఒక్కసారి అదిరింది. చూరు వైపు కొన్ని పెంకులు జారి నీళ్లల్లో పడ్డాయి. అంతే. స్తంభాలు కదల్లేదు, దూలం కదల్లేదు. గోడ పోయినచోటి నుంచి వెలుతురు కిందికి వచ్చింది, నీళ్లల్లో ఇటుకల కుప్ప కనిపించింది.

అటక పాతరోజుల్లోలా ఆ గోడ మీదే ఉండుంటే మేమంతా ఆ కుప్పలో ఉండేవాళ్లం.

వరద పోయాక మోకాలి లోతు బురద ఎత్తిపోశాం. ప్రభుత్వం ఇచ్చిన రెండు వేలూ, బియ్యమూ వచ్చాయి. దక్షిణపు గోడ కట్టలేదు, తడిక కట్టి మట్టి మెత్తాం. బరువు మోసే పని దానికి లేదు కాబట్టి తడిక చాలు. స్తంభాల అడుగున తుప్పు పట్టింది, గీకి రెడ్ ఆక్సైడ్ పూశాం. వానాకాలం అయ్యాక ఏటా అది చెయ్యాల్సిందే. డ్వాక్రా అప్పు తీరడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. కురిడీల రాబడి సగానికి పైగా పోయింది. నిలబడలేని చూరు వైపు ఇప్పుడు కొద్దిగా కాయలు పోస్తున్నాం, మధ్య దారి మాత్రం మనుషులదే. అత్తయ్య మరుసటి సంక్రాంతి వెళ్లాక పోయారు. కింది గదిలో, నిద్రలో, వరదతో సంబంధం లేకుండా. ఆవిడ కోరుకున్నట్టే ఇంట్లోనే.

ఇప్పుడు చుట్టుపక్కల లంకల వాళ్లు వచ్చి మా అటక చూసి వెళ్తుంటారు. ఎంతయింది, చెక్క ఏం వేశారు, మెట్లు ఎవరు చేశారు అని అడుగుతారు. నేను ముందు వాళ్లనే అడుగుతాను. మీ ఇంట్లో కదల్లేనివాళ్లు ఎవరున్నారు, వాళ్లని పైకి ఎలా చేరుస్తారు, మీ అటక బరువు దేని మీద ఉంది? స్తంభాలు వేసుకోగలిగితే వేసుకోండి, మేస్త్రీ ఫోన్ నంబరు నేనిస్తాను. అడుసు గోడల మీదున్న అటకైతే మాత్రం దాన్ని నమ్ముకుని ఇంట్లో ఉండొద్దు. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఇచ్చారని వినగానే ముసలివాళ్లని తీసుకుని గట్టెక్కండి. శిబిరంలో పడే కష్టం నాకు తెలుసు. కూలిన గోడనీ చూశాను కాబట్టే చెబుతున్నాను.